దారం, గుడ్డ, ఇనుప కడియం: ఫారడే పనితనం

లండన్‌లో ఆల్బెమార్ల్ వీధిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఉంది. అక్కడి మ్యూజియంలో ఒక ఇనుప కడియాన్ని దాచారు. ఈ అంచు నుంచి ఆ అంచుకు ఆరు అంగుళాలు. కడ్డీ మందం అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. రెండు పక్కలా రాగితీగ చుట్టి ఉంటుంది, తీగ వరసల మధ్య నూలుదారం, గుడ్డపీలికలు ఉంటాయి. మెరుగు లేదు, నగిషీ లేదు. సంగతి తెలియనివాళ్లు పాత ఇనుప సామాన్ల కొట్టుకు చెందిన వస్తువనుకుంటారు. కానీ మన వీధి చివర స్తంభం మీద కూర్చున్న ట్రాన్స్‌ఫార్మర్ల వంశానికి మూలపురుషుడు అదే. మైకేల్ ఫారడే దాన్ని తన చేతులతో చుట్టాడు. 1831 ఆగస్టు 29న దానితో చేసిన ప్రయోగాన్ని డైరీలో కొలతలతో సహా రాసిపెట్టాడు.

ఫారడే పేరు వినగానే మన పిల్లలకు గుర్తొచ్చేది నియమాలు. విద్యుద్విశ్లేషణకు రెండు, విద్యుదయస్కాంత ప్రేరణకు ఇంకొకటి. పరీక్షలో రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. ఆ నియమాలు రాకముందు ఏళ్ల తరబడి సాగిన చేతిపని గురించి మాత్రం పుస్తకాలు ఎక్కువ చెప్పవు. నన్ను ఆకట్టుకునేది ఆ చేతిపనే. ఫారడేకు పెద్ద గణితం రాదు. ఆయన పరిశోధన గ్రంథాల్లో పేజీలకు పేజీలు తిప్పినా సమీకరణాలు కనిపించవు. వాటి బదులు ఒక మంచి పనివాడి పట్టుదల కనిపిస్తుంది. పరికరంలో ఎక్కడా కారిపోయే సందు ఉండకూడదన్నదే ఆ పట్టుదల. అయస్కాంత ప్రయోగంలో కరెంటు పక్కకు జారకూడదు. రసాయన ప్రయోగంలో లోహం రవ్వంత కూడా పోకూడదు. ఈ రెండూ కుదిరితే సందేహానికి చోటుండదు.

ఈ గుణం ఆయనకు బళ్లో వచ్చింది కాదు. 1791లో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. చదువు అంతంతమాత్రం. పద్నాలుగో ఏట జార్జ్ రీబో అనే పుస్తకాల బైండరు దగ్గర పనికి కుదిరి, ఏడేళ్లు ఆ పని నేర్చుకున్నాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాల్లో విద్యుత్తు గురించి ఉన్నవి చదివాడు. 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ అనే రసాయన శాస్త్రవేత్త ఇచ్చిన ఉపన్యాసాలు విని, నోట్సు తిరగరాసి, బొమ్మలు గీసి, తానే బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడు మార్చిలో అక్కడే ప్రయోగశాల సహాయకుడిగా చేరాడు. ఉద్యోగానికి ఆయన పెట్టుకున్న దరఖాస్తు, ఒక రకంగా, తన చేతిపనే.

ఆ ఉద్యోగం రాకముందే, 1812 జులైలో, బెంజమిన్ అబట్ అనే స్నేహితుడికి రాసిన ఉత్తరంలో తన మొదటి బ్యాటరీ సంగతి సంబరంగా చెప్పాడు. ఇటలీ శాస్త్రవేత్త వోల్టా 1800లో లోకానికి చూపించిన దొంతర బ్యాటరీకి అది చిన్న నకలు. జింకు రేకును అర్ధపెన్నీ నాణెమంత బిళ్లలుగా, ఏడు బిళ్లలు తన చేత్తోనే కత్తిరించాడు. ఒక్కో బిళ్ల మీద ఒక్కో అర్ధపెన్నీ నాణెం పెట్టాడు. జతకూ జతకూ మధ్య ఉప్పునీళ్లలో తడిపిన కాగితం ముక్క ఉంచాడు. ఆ దొంతరతో మెగ్నీషియం సల్ఫేట్ ద్రావణాన్ని విడగొట్టి చూశాడు. కాగితం, కత్తెర, జింకు రేకు, చిల్లర నాణేలు, కాస్త ఉప్పు ఉంటే చాలు, ఒక కుర్రవాడు విద్యుత్తు చేసే రసాయన పనిని కళ్లారా చూడవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది.

అయస్కాంత ఫలితం కథ ఇంకో ఊళ్లో మొదలైంది. 1820లో కోపెన్‌హేగెన్‌లో ఆయిర్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త, కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు పక్కకు తిరుగుతుందని ప్రకటించాడు. తీగను చుట్టగా చుడితే ఆ బలం పోగవుతుంది, చుట్ట మధ్యలో మెత్తని ఇనుము పెడితే ఎన్నో రెట్లు పెరుగుతుంది. 1825లో ఇంగ్లండులో విలియం స్టర్జన్ ఇనుమును గుర్రపునాడాలా వంచి, ఇనుముకే వార్నిషు పూసి, దాని మీద ఒట్టి రాగితీగను ఎడం ఎడంగా 18 చుట్లు చుట్టాడు. రెండు వందల గ్రాముల ఆ ఇనుము నాలుగు కిలోల బరువు ఎత్తింది. చుట్లు ఒకదానికొకటి తగిలితే కరెంటు దగ్గరదారి చూసుకుంటుంది కాబట్టి, ఎడం తప్పదు. ఎడం ఉన్నంత కాలం ఎక్కువ చుట్లు పట్టవు. అమెరికాలో ఆల్బనీ బడిలో పాఠాలు చెప్పే జోసెఫ్ హెన్రీ ఈ చిక్కును విప్పాడు. ఇనుముకు కాదు, తీగకే పట్టుబట్ట చుట్టాడు. ఇక చుట్టు మీద చుట్టు, వరస మీద వరస ఎంత దగ్గరగా చుట్టినా ఫరవాలేదు. 1831 నాటికి ఆయన చేసిన తొమ్మిదిన్నర కిలోల విద్యుదయస్కాంతం 340 కిలోలు ఎత్తింది. అదే రాగి, అదే ఇనుము, బ్యాటరీలోనూ పెద్ద అద్భుతమేం లేదు. ఇనుము పెద్దదే అయినా, అన్ని చుట్లు పట్టేలా చేసింది తీగకు కప్పిన బట్ట.

ఇప్పుడు ఫారడే కడియం దగ్గరికి వద్దాం. కరెంటు అయస్కాంతాన్ని పుట్టిస్తుంటే, అయస్కాంతం కరెంటును పుట్టించదా అన్నది ఆయన ప్రశ్న. మెత్తని ఇనుముతో కడియం చేయించుకున్నాడు. ఒక సగానికి ‘ఏ’ అని, రెండో సగానికి ‘బి’ అని పేర్లు పెట్టాడు. ‘ఏ’ పక్కన ఒక్కోటి ఇరవైనాలుగు అడుగుల పొడవున్న మూడు తీగలు చుట్టాడు. కావాలంటే మూడింటినీ కలిపి ఒకే తీగగా వాడుకోవచ్చు, లేదంటే విడివిడిగా వాడుకోవచ్చు. ‘బి’ పక్కన రెండు ముక్కలుగా మొత్తం అరవై అడుగులు. రెండు పక్కల మధ్యా ఇనుము ఖాళీగా వదిలాడు. తీగ చుట్ల నడుమ దారం, గుడ్డ వేసుకుంటూ వచ్చాడు.

ఎనామెల్ పూత పూసిన తీగ ఇవాళ బజార్లో రీళ్లకు రీళ్లు దొరుకుతుంది. ఆ పూత లేని రోజుల్లో ఇంత చుట్టాలంటే ఎంత ఓపిక కావాలో ఆయనే అచ్చువేసిన ఇంకో పరికరం వర్ణన చెబుతుంది. కొయ్య రోలరు మీద అంగుళంలో ఇరవయ్యో వంతు మందమున్న రాగితీగను చుడుతూ, చుట్టుకూ చుట్టుకూ మధ్య సన్నని దారాన్ని కూడా వెంట చుట్టాడు. అంటే తీగ ఒక మలుపు తిరిగితే, దాని పక్కనే దారం ఒక మలుపు తిరుగుతుంది. ఒక పొర పూర్తయ్యాక దాని మీద కాలికో అనే నూలుగుడ్డ కప్పాడు. గుడ్డ మీద రెండో పొర, మళ్లీ గుడ్డ, ఇలా పన్నెండు పొరలు. ఆ తర్వాత ఒకటి, మూడు, ఐదు అంటూ బేసి పొరల కొసలన్నీ కలిపి ఒక చుట్ట చేశాడు, సరి పొరలన్నీ కలిపి రెండోది. ఒక్కో దానిలో 155 అడుగుల తీగ. రెండూ ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి, ఎక్కడా తగులుకోవు. బైండింగు కొట్లో ఏడేళ్లు దారంతో, గుడ్డతో పొర మీద పొర కుదించిన చేతులకు ఈ పని కొత్త కాదు.

ఈ జాగ్రత్త అంతా షాకు కొడుతుందన్న భయంతో పడ్డది కాదు. ఒక చుట్టలో పంపిన కరెంటు ఏ చిన్న సందులోంచైనా రెండో చుట్టలోకి జారితే, రెండో చుట్టలో కనిపించింది కొత్తగా పుట్టిన కరెంటో, దొంగదారిన వచ్చిన పాత కరెంటో తేలదు. దారం, గుడ్డ ఆ ప్రయోగంలో నిజం చెప్పించే సాధనాలు. అందుకే కడియం చుట్టిన తర్వాత ఆయన వెంటనే ప్రయోగానికి దిగలేదు. ముందు బ్యాటరీ పెట్టి, ఏ తీగకూ మరో తీగతో సంబంధం లేదని పరీక్షించుకున్నాడు. ఆ సంగతినీ డైరీలో ఒక్క వాక్యంలో రాశాడు.

రెండో జాగ్రత్త ఇంకా ముచ్చటైనది. ‘బి’ పక్క తీగ కొసలను ఒక పొడుగాటి రాగితీగతో కలిపి, ఆ తీగను కడియానికి మూడడుగుల దూరంలో ఉన్న అయస్కాంత సూచి మీదుగా పోనిచ్చాడు. సూచిని కడియం పక్కనే పెట్టి ఉంటే, బ్యాటరీ కలపగానే కడియమే విద్యుదయస్కాంతమై దాన్ని లాగి ఉండేది. మూడడుగులు దూరం జరపడంతో ఆ అనుమానమూ తీరింది. ఇప్పుడు సూచి కదిలిందంటే కారణం ఒక్కటే, తన మీదుగా పోతున్న తీగలో కరెంటు ఉండాలి.

నాలుగంగుళాల చదరపు పలకలు పది జతలున్న బ్యాటరీని ‘ఏ’ పక్కకు కలిపాడు. సూచి చటుక్కున కదిలింది, అటూ ఇటూ ఊగింది, మళ్లీ మొదటి చోటికే వచ్చి నిలిచింది. బ్యాటరీ కలిపే ఉంది, కరెంటు పారుతూనే ఉంది, సూచిలో చలనం లేదు. బ్యాటరీ తీసేసిన క్షణంలో మళ్లీ కదిలింది. కరెంటు నిలకడగా పారుతుంటే అటువైపు కూడా నిలకడగా కరెంటు వస్తుందేమోనని ఎదురుచూసేవాడు ఈ క్షణికమైన కదలికను తీగ అదిరిందనో, బల్ల కదిలిందనో కొట్టిపారేస్తాడు. తన చుట్ట మీద తనకు నమ్మకం ఉన్నవాడే దాన్ని పట్టించుకోగలడు. అయస్కాంతత్వం ఉండటం వల్ల కాక, మారటం వల్ల కరెంటు పుడుతుందన్న సత్యం ఆ రెండు చిన్న కుదుపుల్లో ఉంది. అదే ఏడు అక్టోబరు 17న కాగితంతో చేసిన బోలు గొట్టం మీద ఎనిమిది తీగచుట్టలు చుట్టి, అందులోకి కడ్డీ అయస్కాంతాన్ని దూర్చి, బయటికి లాగి, బ్యాటరీ లేకుండానే కరెంటు పుట్టించాడు. నవంబరు 24న రాయల్ సొసైటీలో ఆ పత్రం చదివారు.

ఇక రసాయన ఫలితం. నీళ్లలో కరెంటు పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయని నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు 1800లోనే చూపారు. 1807లో డేవీ కరిగించిన క్షారాల్లోంచి పొటాషియం, సోడియం లోహాలను బయటికి తీశాడు. కరెంటు పదార్థాన్ని విడగొడుతుందని అందరికీ తెలుసు. ఎంత కరెంటుకు ఎంత పదార్థమన్న లెక్క మాత్రం ఎవరూ తేల్చలేదు. ఫారడే ఆ లెక్క కోసం ముందు ఒక కొలమానం కట్టుకున్నాడు. గీతలు పెట్టిన గాజుగొట్టంలో ఆమ్లం కలిపిన నీళ్లు పోసి, ప్లాటినం పలకలతో కరెంటు పంపి, పుట్టిన వాయువును గొట్టంలోనే పట్టి కొలుస్తాడు. ఎంత వాయువు వస్తే అంత విద్యుత్తు పారినట్టు. పలకలు చిన్నవైనా పెద్దవైనా, ఆమ్లం చిక్కనిదైనా పలచనిదైనా, ఒకే కరెంటు వరసగా పారితే వాయువు సమానంగా వచ్చిందని మార్చి మార్చి చూసుకున్నాడు.

ఇక్కడా ఒక సందు కనిపించింది. బ్యాటరీ తీసేశాక కూడా గొట్టంలో వాయువు మెల్లగా తగ్గిపోతోంది. గొట్టం కారడం లేదు. వెతగ్గా వెతగ్గా, శుభ్రమైన ప్లాటినం పలకే రెండు వాయువులనూ తన ఉపరితలం మీద మళ్లీ నీరుగా కలిపేస్తోందని తేలింది. చిన్న లోపమని సర్దుకుపోకుండా, దాని మీదే విడిగా ఒక పరిశోధన పత్రం రాశాడు. ఆ తర్వాతే కొలమానాన్ని నమ్మాడు.

దానితో చేసిన ప్రయోగాల్లో తగరం మీద చేసినది నాకు అన్నిటికన్నా ఇష్టం. ప్లాటినం తీగ ఒక కొసను చిన్న ముడిలా చుట్టి, తూచాడు. ఇరవై గ్రెయిన్లు, అంటే 1.3 గ్రాములు. ఆ ముడి లోపలికి వచ్చేలా తీగను గాజుగొట్టం అడుగున కరిగించి అతికించాడు. గొట్టాన్ని ఇంకో ప్లాటినం తీగతో వేలాడదీసి, కింద స్పిరిట్ దీపం పెట్టాడు. అప్పుడే కరిగించిన తగరపు క్లోరైడును సగం గొట్టం వరకు పోశాడు. అడుగు తీగను తన కొలమానం మీదుగా బ్యాటరీ ఋణధ్రువానికి కలిపి, ధనధ్రువం నుంచి వచ్చే తీగను పైనుంచి ముంచాడు. కరెంటు పారుతుంటే పైన క్లోరిన్ విడివడుతుంది, అడుగున ముడి దగ్గర తగరం చేరుతుంది.

గొట్టం అడుగునే ముడి ఎందుకు పెట్టాడో గమనించండి. విడివడిన తగరం ఆ వేడికి కరిగే ఉంటుంది. తీగ పైనుంచి వేలాడుతూ ఉంటే బొట్టు జారి ఎక్కడో పడుతుంది, ఏరుకోవాలి, కాస్త పోతుంది. అడుగునే ముడి ఉంది కనుక తగరం మరో దారి లేక ప్లాటినంతో కలిసి గుండీలా గట్టిపడుతుంది. పని అయ్యాక అంతా చల్లారనిచ్చి, గొట్టం పగలగొట్టి, గాజునూ మిగిలిన క్లోరైడునూ వేరుచేసి, గుండీని కడిగి మళ్లీ తూచాడు. 23.2 గ్రెయిన్లు. అంటే చేరిన తగరం 3.2 గ్రెయిన్లు, మన లెక్కలో 0.2 గ్రాములు. కొలమానంలో చేరిన వాయువును బట్టి విడిపోయిన నీరు సుమారు అర గ్రెయిను. ఆనాటి లెక్కలో నీటి తుల్యభారం, అంటే రసాయన చర్యలో ఒకదానికొకటి సరితూగే బరువు, 9. త్రైరాశికం వేస్తే తగరం తుల్యభారం 57.9 వచ్చింది. నాలుగు ప్రయోగాల సగటు 58.53. అప్పటి రసాయన గ్రంథాల్లో ఉన్న విలువ 58 దగ్గర. ఈ క్లోరైడులో తగరం సంయోజకత రెండు కాబట్టి, ఇవాళ మనకు తెలిసిన తగరం పరమాణు భారాన్ని రెండుతో భాగిస్తే 59.35. దీపపు వేడి మీద, చేత్తో అతికిన గాజుగొట్టంలో, అర గ్రాము కూడా లేని లోహంతో ఆయన అంత దగ్గరకు వచ్చాడు.

1834లో అచ్చయిన ఈ పనిలోంచే విద్యుద్విశ్లేషణ నియమాలు స్థిరపడ్డాయి. విడివడే పదార్థం పారిన విద్యుత్తును బట్టి ఉంటుంది. ఒకే విద్యుత్తు వేర్వేరు పదార్థాలను వాటి వాటి తుల్యభారాల నిష్పత్తిలో విడగొడుతుంది. ఈ లెక్క ఇవాళ ఎంత మామూలైపోయిందంటే, గిల్టు నగ మీద బంగారు పూత ఎంత మందం రావాలో కరెంటును, సమయాన్ని బట్టి నిర్ణయిస్తారు.

కడియం వారసత్వం చూడాలంటే మన మండల కేంద్రాల్లో మోటారు వైండింగు షాపుకు వెళ్లండి. లోవోల్టేజీకో, ఫేజు పోయో కాలిపోయిన రైతు మోటారు బల్ల మీద ఉంటుంది. మాడిపోయిన చుట్టలు కోసి తీసి, చుట్లు లెక్కపెట్టి, అదే గేజి తీగతో కొత్త చుట్టలు చేస్తారు. స్లాటులో ముందు కాగితం దిగుతుంది, తర్వాతే తీగ. ఫేజుకూ ఫేజుకూ మధ్య మళ్లీ కాగితం. బయటికొచ్చిన చుట్టలను దారంతో బిగించి కట్టి, వార్నిషు పట్టించి ఆరబెడతారు. చివర్లో సిరీస్ బల్బు పెట్టి, తీగ ఎక్కడైనా బాడీకి తగులుతోందేమో చూస్తారు. బల్బు వెలిగిందంటే పని మళ్లీ మొదటికి వచ్చినట్టే. ఫారడే డైరీలో ఒక్క వాక్యంలో రాసుకున్న పరీక్ష ఇదే. ఆ షాపులో కూర్చున్న మేస్త్రీకి ఆయన పేరు తెలిసినా తెలియకపోయినా, పద్ధతి మాత్రం ఆయనదే.

ఫారడే ప్రతిభకు హద్దు లేదని కాదు. తన ఊహను సమీకరణాల్లో పెట్టడం ఆయన వల్ల కాలేదు, ఆ పని తర్వాత మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త చేశాడు. అయితే మాక్స్‌వెల్‌కు నమ్మకంగా నిలబడటానికి నేల దొరికిందంటే, అది ఈ దారపు చుట్టల మీద, అతికిన గొట్టాల మీద కట్టిందే. సిద్ధాంతాలు మారుతూ వచ్చాయి. ఆ ప్రయోగాలను మాత్రం ఎవరు ఎక్కడ మళ్లీ చేసినా అదే ఫలితం వస్తోంది. పనితనానికి ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు.

పిల్లలకు, వాళ్ల సైన్సు మాస్టార్లకు ఒక మాట. ఈ పాఠాన్ని బొమ్మలు చూసి వదిలేయకండి. తయారుగా దొరికే కిట్లు కొనకండి. ఒక పెద్ద మేకు, కాస్త ఎనామెల్ రాగితీగ, ఒక టార్చి సెల్లు చాలు. కొసల దగ్గర పూత గీకేసి, ముందు ఇరవై చుట్లు, తర్వాత యాభై, తర్వాత వంద చుట్టి ఎన్ని గుండుసూదులు లేస్తాయో పట్టిక రాయండి. సెల్లును రెండు మూడు క్షణాలకు మించి కలిపి ఉంచకండి, వేడెక్కుతుంది. బడి ప్రయోగశాలలో మైలుతుత్తం ద్రావణంలో రెండు రాగి రేకులు వేలాడదీసి, అర ఆంపియరు కరెంటును అరగంట పంపండి. ఋణధ్రువం రేకును నీళ్లలో ముంచి కడిగి, రుద్దకుండా ఆరబెట్టి తూచండి. 0.3 గ్రాముల దగ్గర పెరగాలి. పెరగకపోతే పుస్తకంలో ఉన్న అంకె వేసేయకుండా, సందు ఎక్కడుందో వెతకండి. గోడ ప్లగ్గు కరెంటు జోలికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోవద్దు.